చెక్కగంటలో ఆకులు

ఆ అడవి ఊళ్లో కుక్కలు మొరగవు, వాటి జాతే అంత. కొత్త కోడలు బొలుంబు తెచ్చుకున్న కుక్కపిల్లా అంతే, చప్పుడు లేకుండా చాప తడిపేసేది. "ఇంకొక్కసారి తడిపిందంటే వేటగాళ్లకిచ్చేస్తా," అంది అత్తగారు.

నోరు విప్పని ప్రాణి బయటికెళ్లాలని ఎలా చెబుతుంది? బొలుంబు పొద్దున్నుంచీ దాని వెనకే తిరిగింది. తడిపే ముందు అది గిరగిరా మూడు చుట్లు తిరుగుతోంది! దాని మెడలో వేటకుక్కలకు కట్టే చెక్కగంట ఉంది. ఇంట్లో మోగకూడదని భర్త లొకులి దాన్నిండా ఆకులు కుక్కాడు. బొలుంబు వాటిని లాగేసింది.

మధ్యాహ్నం గంట టకటకా మోగింది.

"ఇంట్లో వేటేమిటే, పిల్లా?"

"వేట కాదత్తా, కబురు!" అంటూ బొలుంబు పరుగున వెళ్లి తలుపు తీసింది. కుక్కపిల్ల అరటిచెట్టు మొదట్లో పని కానిచ్చుకుంది.

అత్తగారు చాపంతా తడిమి చూసింది. "ఒరేయ్ లొకులీ, ఆ గంటలో మళ్లీ ఆకులు కుక్కావో, చూడు!" అని కేకేసింది.