జాషిన్ అనే మాట

"గిన్నెలతో మాట్లాడుతున్నావేంటి?" అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

ఆమె కుళాయి కట్టేసింది. నిజంగానే మాట్లాడుతోంది. ఒక్కో గిన్నె బోర్లించినప్పుడల్లా ఒక్కో మాట వల్లిస్తోంది. గంటె దగ్గర "నిన్న", మూకుడు దగ్గర "ఇవాళ", అత్తగారి మందుగ్లాసు దగ్గర "రేపు". ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కొరియన్ భాష క్లాసు మొదలై మూడు వారాలైంది. చదువుకోవడానికి ఇంట్లో వేరే చోటూ లేదు, వేరే సమయమూ లేదు. పొద్దున ఐదింటి నుంచి ఆరున్నర దాకా ఈ సింకు దగ్గరే ఆమె బడి.

"అత్తయ్యగారి మందు గుర్తుచేసుకుంటున్నానండీ" అంది. ఎందుకలా అబద్ధమాడిందో ఆమెకే తెలియలేదు. క్లాసు సంగతి అతనికి చెప్పే చేరింది. "సరేలే, వంట ఆలస్యం కాకుండా చూసుకో" అన్నాడు కూడా. అతను చెడ్డవాడు కాదు. కరెంటాఫీసులో గుమాస్తా, గొంతు పెంచి ఎరగడు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఆమెతో, నీకేంటమ్మా, బంగారం లాంటి మనిషి దొరికాడు అంటారు. కాళ్ళ నొప్పులని ఆసుపత్రికి వెళితే డాక్టరు అడిగేది ఆమెనే. జవాబు మాత్రం అతను చెబుతాడు. "పెద్దగా ఏం లేదండీ, ఎక్కువసేపు నిలబడితే లాగుతాయంట." బ్యాంకులోనూ అంతే. "మా ఆవిడకి ఇవన్నీ తెలీవండీ, నాతో చెప్పండి." ఆ మాటలు ఎంత మెత్తగా ఉండేవంటే, ఎక్కడ నొప్పిపెట్టిందో వేలు పెట్టి చూపించడానికి కూడా ఉండేది కాదు.

ఆమె పనిచేసేది కార్ల సీట్లకు తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో. కుట్టి వచ్చిన తొడుగుల్ని ట్యూబ్‌లైటు కింద ఏటవాలు బల్ల మీద పరచి, తప్పిన కుట్టుకి సుద్దతో గుర్తు పెట్టాలి. ఎనిమిది గంటలూ నిలబడే. పన్నెండేళ్ళుగా అదే బల్ల. ఆమె కంట పడకుండా ఒక్క కుట్టూ తప్పించుకోదని అక్కడి ఆడవాళ్ళు ఆమెకు డేగక్క అని పేరు పెట్టారు. "డేగక్క మొగుడు ఇంట్లో కాఫీ కప్పు కూడా పక్కకి జరపడంట, గుర్తు పెట్టేస్తుందని!" అని నవ్వేవాళ్ళు. అతను కాఫీ ఎక్కడ తాగితే కప్పు అక్కడే వదిలేస్తాడని ఆమె వాళ్ళతో ఎప్పుడూ అనలేదు.

కంపెనీ కొరియా వాళ్ళది. పాత దుబాసీ ఉద్యోగం మానేశాడు. కొత్తవాళ్ళను బయట వెతికేకంటే పనివాళ్ళలోనే ఒకరికి భాష నేర్పించుకుంటామని మేనేజరు ప్రకటించాడు. మూడు నెలల క్లాసు, చివర పరీక్ష, నెగ్గినవాళ్ళకు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఆ కుర్చీ మాట వినగానే మోకాళ్ళ కింద ఉబ్బిన నీలపు నరాలు ఒక్కసారి చల్లబడినట్టనిపించింది ఆమెకు. అయితే క్లాసులో చేరింది కుర్చీ కోసమొక్కటే కాదు. ఆరు నెలలుగా రెండో లైను నుంచి వచ్చే తొడుగులు కుట్టు వెంబడే చిరుగుతున్నాయి. కుట్టే పిల్లల తప్పు కాదు, సూది ఆ తోలుకు లావైంది. సూపర్‌వైజరుకు నాలుగుసార్లు చెప్పింది. అతను ప్రతిసారీ మేనేజరు దగ్గర "ఆడవాళ్ళు కబుర్లాడుతూ కుడుతున్నారు" అన్నాడు, పాత దుబాసీ దాన్నే కొరియన్‌లోకి మార్చాడు. రెండో లైనులో ఇద్దర్ని తీసేశారు కూడా. నా నోటితో నేను చెప్పగలిగితే అనుకుంది ఆమె. పెళ్ళయిన ఈ ఇరవయ్యేళ్ళలో ఆమె అంత గట్టిగా కోరుకున్నది మరొకటి లేదు.

క్లాసు చెప్పేది కొరియా నుంచి వచ్చిన ప్లాంటు ఇంజనీరుగారి భార్య. అరవై దాటిన సన్నటి మనిషి. ఇక్కడి భాష ముక్కలుగా మాట్లాడేది. అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. ఆరో వారంలో బోర్డు మీద రెండక్షరాలు రాసింది.

"జాషిన్. నేను కాదు, నువ్వు కాదు. లోపల మనిషి. తాను."

ఆమె తన పుస్తకంలో రాసుకుంది. జాషిన్, తాను. తేలిగ్గా ఉంది, నాలుక తిరిగింది.

రెండు రోజుల తర్వాత కొరియన్ మేనేజరు, తమ దేశం నుంచే వచ్చిన కటింగ్ సెక్షన్ పెద్దాయన్ని ఆమె బల్ల ముందే ఆపి ఏదో అడిగాడు. ఆ అడగడంలో ఒక ముక్క స్పష్టంగా వినిపించింది: "జాషిన్ ఇస్సొయో?" ఇస్సొయో అంటే ఉందా అని. పెద్దాయన తల అడ్డంగా ఊపి, "ఒప్సొయో" అన్నాడు. లేదు అని. ఆమె చేతిలో సుద్ద ఆగిపోయింది. తాను ఉందా అని ఒక మనిషిని అడగడమేమిటి, లేదు అని అతను అంత మామూలుగా చెప్పి వెళ్ళిపోవడమేమిటి! ఆ పూటంతా తొడుగులు తిప్పుతూ అదే ఆలోచించింది. తననెవరైనా అలా అడిగితే? పొద్దున లేచింది మొదలు ఎవరి డబ్బా, ఎవరి మందు, ఎవరి ఇస్త్రీ. వీటన్నిటి మధ్యా లోపల మనిషి ఉందా అని అడిగితే, తనూ ఆయనలాగే తల ఊపేసి పనిలో పడిపోతుందేమో.

క్లాసులో అడిగింది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అది వేరే జాషిన్. తన మీద తనకి నమ్మకం. ఈ పని నా వల్ల అవుతుంది, అలా. పాత చైనా అక్షరాల్లో వేరు వేరు. ఇప్పుడు రాయడం ఒకటే, పలకడం ఒకటే."

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుందమ్మా?"

"మాటలో తెలుస్తుంది. మాకు ఎప్పుడూ తికమక లేదు."

మీకు లేదు కాబోలు అనుకుంది ఆమె. ఆమెకు మాత్రం ఆ రెండూ ఎంత విడదీసినా మళ్ళీ ఒక్కటైపోతున్నాయి. మనిషే లేనిచోట నమ్మకం ఎవరికి, ఎవరి మీద?

ఇంట్లో పదో తరగతి చదివే కూతురికి కొరియా సీరియళ్ళ పిచ్చి. "నా కూతురు చూడండి, ఎవరూ నేర్పకుండానే ఫారిన్ భాష పట్టేసింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు తండ్రి. అదే భాష ఆమె నేర్చుకుంటుంటే, "ఈ వయసులో మీ అమ్మకి కొత్త సరదాలు" అనేవాడు. తండ్రీకూతుళ్ళు కలిసి నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారని. అత్తగారైతే పెదవి విరిచి, "ఉన్న భాషలోనే నాకు జవాబు చెప్పడం రాదు దీనికి" అనేది.

పన్నెండుమందితో మొదలైన క్లాసులో చివరికి నలుగురు మిగిలారు. పరీక్షలో ఆమెకే అందరికంటే ఎక్కువ మార్కులు. నోటి పరీక్ష మేనేజరే పెట్టాడు. బల్ల గురించి, తొడుగుల గురించి అడిగాడు. తడుముకుంటూనే అయినా సూది సంగతి చెప్పేసింది. సూది లావు, తోలు పల్చన, తప్పు పిల్లలది కాదు. మేనేజరు ఏదో రాసుకున్నాడు. చివరగా అడిగాడు, "జాషిన్ ఇస్సొయో?"

"ఇస్సొయో" అంది. గదిలోంచి బయటికొచ్చి, బాత్రూంలోకి వెళ్ళి, అద్దం ముందు నిలబడి చాలాసేపు ముఖం కడుక్కుంది.

నాలుగో రోజు పర్సనెల్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడి ఆఫీసరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"మీరు వద్దనుకున్నారంట కదమ్మా, పోనీలెండి. ఈ ఫారం మీద ఒక సంతకం పెట్టేస్తే సరిపోతుంది."

"నేనెప్పుడు వద్దన్నానండీ?"

"వారానికి రెండు సాయంత్రాలు హెడ్డాఫీసుతో మీటింగులుంటాయి కదా. ఇంట్లో అభ్యంతరం ఉందేమో కనుక్కోవడం మా పద్ధతి. మీ వారికి ఫోన్ చేశాం. చాలా మర్యాదగా మాట్లాడారు. ఆవిడకి కుదరదండీ, పైగా బెదిరిపోతుంది, మీ ముందు చెప్పలేక ఊరుకుని ఉంటుంది అన్నారు. ప్యాకింగ్ సెక్షన్ అతనికి ఇచ్చేశాం. మీ తర్వాత మార్కులు అతనివే."

"అతని భార్యకి కూడా ఫోన్ చేశారా?"

ఆఫీసరు నిజంగానే అర్థంకాక ఆమె వంక చూశాడు. "అతనికెందుకమ్మా?"

ఆమె ఫారం అందుకుంది. హెడ్డాఫీసుకు వెళ్ళేది కాబట్టి అంతా కొరియన్‌లోనే అచ్చయి ఉంది. మానుకోవడానికి కారణం అని మూడు గళ్ళు. ఒకటి ఆరోగ్యం, రెండు ఇల్లు మారడం. మూడో గడిలో అప్పటికే టిక్కు పెట్టి ఉంది. "ఆ మూడోది పెడితే ఎవరూ ఏమీ అడగరు, ఆడవాళ్ళకందరికీ అదే పెడతాం" అన్నాడు ఆఫీసరు. అతనికి ఆ భాష రాదు, అంకె మాత్రమే తెలుసు. ఆమె ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. జాషిన్ లేదు.

ఆ గదిలో ఆ ముక్క చదవగలిగింది ఆమె ఒక్కతే.

పెన్ను తీసుకుని టిక్కు మీద అడ్డంగా గీత గీసింది. కింద ఖాళీలో, తొలిసారి పలక పట్టిన పిల్ల రాసినట్టు, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. సంతకం పెట్టింది.

"ఏం రాశారమ్మా?"

"కారణం."

"అదేంటో మన భాషలో చెప్పండి."

"కొత్త దుబాసీని అడగండి" అని లేచింది.

భర్త వద్దన్నాడు. ఆమె రాసింది అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు కాసేపు ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఒక్క నిజమైనా పోవలసినచోటికి పోతోంది. తాను రాసిన వాక్యాన్ని లోలోపల మళ్ళీ మళ్ళీ చదువుకుంది, అక్షరదోషం దొర్లిందేమోనని. మూడోసారి చదువుకుంటూ మధ్యలో ఆగిపోయింది. భర్త. వద్దన్నాడు. అందులో ఉన్న మనిషి అతనే. వద్దన్నది అతను, అన్న మాట నెగ్గించుకున్నది అతను. ఆ నిజంలో కూడా తను లేదు.

ఇంటికెళ్ళాక అడిగింది. "ఫోన్‌లో అలా ఎందుకన్నారు?"

"నీ మంచికే కదా" అన్నాడు అతను నొచ్చుకుంటూ. "అంతమందిలో నోరు తిరక్క నవ్వులపాలైతే బాధపడేది నువ్వే. అమ్మకి సాయంత్రం మందెవరిస్తారు? ముందు అన్నం పెట్టు, మాట్లాడుకుందాం." అన్నం తిన్నాక అతను టీవీ పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు గది ముందు నిలబడింది. ఫారంలో ఇంకొక్క వాక్యం రాయాలంది. "నిన్న సాయంత్రమే స్కాన్ చేసి పంపించేశాను కదమ్మా. ఇంకేం రాస్తారు, అంతా అయిపోయింది" అన్నాడు ఆఫీసరు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. పదకొండింటికి రెండో లైను తొడుగులు వచ్చాయి. కుట్టు వెంబడే చిరుగు. మేనేజరు, కొత్త దుబాసీ, సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డారు. "కబుర్లాడుతూ కుడుతున్నారు సార్" అన్నాడు సూపర్‌వైజరు. ప్యాకింగ్ అతను దాన్ని కొరియన్‌లోకి మార్చాడు. తప్పుల్లేకుండానే మార్చాడు. ఆమె తలెత్తి, నేర్చుకున్న భాషలోనే, "సూది" అంది. మేనేజరు ఆమె వంక చూశాడు, చిన్నగా తలాడించి, చేత్తో ఆగమన్నట్టు సైగ చేసి దుబాసీ వైపు తిరిగాడు. ఇక మాట ఆ దారినే రావాలి. ఆమె చిరుగు పక్కన సుద్దతో గుర్తు పెట్టింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక, భర్త బయటికెళ్ళాక, భోజనాల బల్ల తుడిచి నోటుపుస్తకం తెరిచింది. ఫారంలో రాయలేకపోయిన వాక్యం నిదానంగా రాసుకుంది. దాని మొదటి మాట "నేను".

మంచినీళ్ళకొచ్చిన కూతురు భుజం మీంచి తొంగి చూసింది. ఈసారి నవ్వలేదు. చదివి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాగా రాశావమ్మా. చిన్న తప్పుంది, అంతే. ఇలా రాస్తే 'నాకు ఆ పని చేయాలని ఉండేది' అని అర్థం వస్తుంది, అయిపోయినట్టు. 'చేయాలని ఉంది' అనాలంటే చివర మారుతుంది. రబ్బరివ్వు, దిద్దుతాను."

ఆమె పుస్తకం మీద అరచెయ్యి ఆనించింది.

"తప్పు కాదులే తల్లీ" అంది. "చూసుకునే రాశాను."