చెవితో సెట్ చేసే కుళ్లాయప్ప

పెనుకొండలో మోటారుసైకిళ్ళ మేస్త్రీ కుళ్లాయప్పకు నోరెక్కువ అని పేరు. ఆ పేరు తెచ్చుకోవడానికి ఆయన చాలానే కష్టపడ్డాడు. అంగడి ముందు బండి ఆపిన మనిషి నోరు తెరవకముందే తిట్లు అందుకునేవాడు. చైన్ చూస్తే తిట్టు, టైరు చూస్తే తిట్టు. ఎదుటివాడికి సందిస్తే వాడేదో అడుగుతాడు, అడిగితే వినాలి. వినడం ఆయనకు ఇక చేతకావడం లేదు.

రెండు చెవులూ పోయాయి. ఒక్కసారిగా పోలేదు. బతుకంతా సైలెన్సర్ల పక్కన కూర్చున్నందుకు కొంచెం కొంచెంగా పోయాయి. ఈ సంగతి భార్య చౌడేశ్వరికి తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదని ఆయన పంతం. హిందూపురం నుంచి బెంగళూరు దాకా పాత బళ్ళు ముద్దుగా పెట్టుకున్నవాళ్ళందరికీ ఆయన 'చెవితో సెట్ చేసే కుళ్లాయప్ప'. ఆ చెవి లేదని తేలితే ఆయన దగ్గరికి ఒక్క బండి కూడా రాదు.

అలా తేలాలనే తమ్ముడు మారెప్ప కాచుకుని ఉన్నాడు. నాయన ఇచ్చిపోయిన రేకుల షెడ్డు ఒకటే. నడిమధ్యన నేల మీద తెల్ల పెయింటు గీత. గీతకు ఇటు అన్న పాత బళ్ళు, అటు తమ్ముడి స్కూటర్లు. ఇద్దరికీ మాటలు లేక ఏళ్ళయింది. షెడ్డంతా తనకే కావాలని మారెప్ప ఆశ. అందుకే వచ్చేపోయే ప్రతివాడికీ మా అన్నకు చెవుడని చెబుతుంటాడు. వాడు చెప్పేది అబద్ధమైతే కుళ్లాయప్ప ఇంత మండిపడేవాడు కాదేమో. నిజం కాబట్టే ఒళ్ళు మంట.

ఆ పొద్దున ధర్మవరం నుంచి గూడ్స్ ఆటోలో ఒక పాత బండి దిగింది. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు, రెండు సైలెన్సర్లు. దాని వెనకే పట్టుచీరల అంగడి కృష్ణమూర్తి మనవడు సుమంత్ దిగాడు.

"ముందరికొచ్చి నిలబడప్పా. ఎనకాల నిలబడి గొణిగేవాళ్ళంటే నాకు సరిపడదు" అన్నాడు కుళ్లాయప్ప. పెదాలు కనబడితే సగం మాట దొరుకుతుంది. గుబురు మీసాల వాళ్ళంటే ఆయనకు అందుకే గిట్టదు. సుమంత్ నున్నగా గీసుకుని వచ్చాడు, అది వాడి అదృష్టం.

"ఇది మా తాత బండి, మేస్త్రీ. ఒక సిలిండరు పట్టుకుంటే ఇంగోటి పడిపోతాది. ఆడ మీ తమ్ముణ్ణి అడిగితే..." అని సుమంత్ నీళ్ళు నమిలాడు.

"ఏమన్న్యాడు?"

"మీకు ఇనపడదంట కదా."

"వానికి పని రాదు, నాకు ఇనపడదు. ఇద్దర్లో ఎవురికి చూపిచ్చుకుంటావో నీ ఇష్టం."

గీతకు అటువైపు మారెప్ప ఏదో అని నవ్వాడు. మాట అందలేదు కానీ పళ్ళు కనబడ్డాయి. కుళ్లాయప్ప స్పానరు అందుకుని పనిలో కూర్చున్నాడు.

రెండు కార్బొరేటర్లూ ఊడదీసి కింది గిన్నెలు విప్పాడు. నిలవ పెట్రోలు బంకగా మారి అడుగున పట్టేసింది. కడిగి, తుడిచి, పెట్రోలు పోయే సన్నటి ఇత్తడి జెట్లను ఒక్కొక్కటిగా ఎండకు ఎత్తిపట్టాడు. ఎడమదాని బొక్కలోంచి వెలుతురు వచ్చింది. కుడిదాంట్లోంచి రాలేదు. పంపుతో గాలి కొడితే ఎర్రటి పోగు ముక్క ఒకటి బయటపడింది.

"పట్టు పోగు పెట్టి కెలికినావా దీన్ని?"

"ఇంట్లో అంత సన్నంది ఇంగేమీ దొరకలా మేస్త్రీ."

"మీ తాత ఉండింటే నీ చెయ్యి ఇరిచేవాడు. చీరలు అమ్ముకునేవాళ్ళకు బళ్ళు యాల?"

పోగు పోయాక పని నడిచింది. కార్బొరేటర్లు బిగించి, రెండింటి నోళ్ళలో చెరొక వేలు పెట్టి, సుమంత్‌ను యాక్సిలేటరు తిప్పమన్నాడు. లోపలి స్లైడులు రెండూ ఒక్కసారే లేవాలి. కుడిది కాస్త ఆలస్యంగా లేస్తోంది. కేబులు సర్దాడు. దీనికి చెవి అక్కర్లేదు, వేలు చాలు.

బండి స్టార్టయ్యాక పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమి కళ్ళు మూసుకున్నాడు. ఇది ఆయన స్టైలని అందరూ అనుకుంటారు. బెంగళూరు వాళ్ళు ఫొటోలు కూడా తీసుకుంటారు. ఎముక ద్వారా వచ్చే ఆ కాస్త గుసగుసే ఆయనకు మిగిలిందని వాళ్ళకేం తెలుసు? మిగతాది అరచేతులు చూసుకునేవి. ఎడమ సైలెన్సరు ముందు ఎడమ చెయ్యి, కుడిదాని ముందు కుడి చెయ్యి. గాలి దెబ్బ రెండు చేతులకూ సమానంగా తగిలేదాకా స్క్రూలు తిప్పాడు. తిప్పాడు, చూశాడు, మళ్ళీ తిప్పాడు. చివరికి సమానంగా తగిలింది. ఎంత సంతోషమైందంటే తమ్ముడు గీత దాటి ఇటు వచ్చి నిలబడటం కూడా పట్టించుకోలేదు.

లేచి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బండికి వీపు పెట్టి సుమంత్ ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు ఇనుప్పా. రెండు గొంతులు ఒకటైనాయా ల్యాదా? హిందూపురంలో ఎవుడైనా ఇట్ల సెట్ చేస్తాడేమో చూపీ. నాకు చెవుడంట, చెవుడు. చెవుడోడు చేసే పనేనా ఇది? యాక్సిలేటరు వదిలినాక ఆ స్లో చూడు, పసిబిడ్డ నిద్రపోయినట్ల ఉండాది."

సుమంత్ చూపు ఆయన భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది. బండిని మురిపెంగా చూసుకుంటున్నాడనుకున్నాడు కుళ్లాయప్ప.

"బ్రహ్మాండంగా పాడతాండాది మేస్త్రీ" అన్నాడు సుమంత్.

"అదీ మాట" అని కుళ్లాయప్ప వెనక్కి తిరిగి, ఇంకొంచెం పాడిద్దామని యాక్సిలేటరు తిప్పాడు. చేతికి వణుకు తెలియలేదు. ట్యాంకు మీద చెయ్యేశాడు. అక్కడా లేదు. సైలెన్సర్ల వెనక పొగ ఎప్పుడో చెదిరిపోయింది. పక్కన మారెప్ప తాళంచెవి వేలికి తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

మారెప్ప వచ్చి అన్న మొహానికి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళకు నేరుగా మాట్లాడుతూ, పసిపిల్లలకు చెప్పినట్టు పెదాలు పెద్దగా కదిలించాడు. "నువ్వు లేసిన కాణ్నుంచీ ఆపే ఉండాది."

కుళ్లాయప్పకు సిగ్గు నెత్తికెక్కింది. కొట్టాలనిపించింది. కొట్టకుండా తాళంచెవి లాక్కుని, పెట్టి, కిక్కు కొట్టాడు. మొదటి కిక్కుకే ట్యాంకు కింద వణుకు పుట్టింది.

"చెవుడే నాకు. ఊరంతా చెప్పుకో పో. నువ్వూ నాయన కాడ పని నేర్చినోడివే కదా. బండి ఎట్లుండాదో చెప్పు."

మారెప్ప బండి వైపు చెవి వంచాడు. చాలాసేపు విన్నాడు. ఆ మొహంలో ఏమీ కదల్లేదు. తరవాత వెనక్కి తిరిగి, గీత దాటి తన స్కూటర్ల వైపు పోతూ ఏదో అన్నాడు. కావాలనే తిరిగి అన్నాడు. వెనక నుంచి దవడ కదలడం ఒక్కటే కనబడింది.

"ఏమన్న్యాడు వాడు?"

"బ్రహ్మాండంగా పాడతాండాది అన్న్యాడు మేస్త్రీ" అన్నాడు సుమంత్.

ఇందాక ఆగిపోయిన బండిని చూస్తూ వీడు చెప్పింది ఈ మాటే, ఈ మొహంతోనే. కుళ్లాయప్ప ఆ మొహంలో ఎంత వెతికినా తేడా దొరకలేదు. మారెప్ప నిజంగా ఆ మాట అన్నాడో, ఇంకేదైనా అన్నాడో, ఇక తెలిసే దారి లేదు. వంగి రెండు సైలెన్సర్ల ముందూ అరచేతులు పెట్టాడు. సమానంగానే తగులుతోంది. కానీ ఈ ఒక్కరోజు ఆ మాట తమ్ముడి నోట కావలసి వచ్చింది.

"నీ బండి తీసుకోని పో" అన్నాడు సుమంత్‌తో.

మామూలుగానే అన్నాననుకున్నాడు. గీతకు అటువైపు మారెప్ప ఉలిక్కిపడి ఇటు తిరిగాకగానీ, తాను ఎంత గట్టిగా అరిచాడో ఆయనకు తెలియలేదు.