సర్జన్ గారి వాటా

నర్సు బురుల్కాన్ గుర్రాన్ని కట్టేసి గుడారంలోకి వచ్చేసరికే ఆమె చెప్పాల్సిన పాఠం బాణలిలో వేగుతోంది.

పాఠమంటే గొర్రె గుండె. పొద్దున్నే కింద ఊళ్ళో కొని, గుడ్డలో చుట్టి, మూడు గంటల కొండదారిలో జాగ్రత్తగా మోసుకొచ్చింది. ఈ గుడారం ఇల్లాలు, నర్సు అక్కలా ‘అపా’ అని పిలిచే ఊల్కాన్‌కి గుండెలో ఒక వాల్వు గట్టిపడిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. బిష్కెక్‌లో ఆపరేషన్‌కి బుధవారం రమ్మన్నారు. ఆవిడేమో రానంటే రానంటోంది. కళ్ళారా చూపిస్తేనైనా వింటుందని నర్సు ఆశ. కానీ వచ్చినవాళ్ళు తెచ్చిన మాంసం పొయ్యెక్కకపోతే ఆ ఇంటికి తలవంపులు. గుమ్మంలోనే మూట అందుకున్న ఊల్కాన్ చిటికెలో ముక్కలు కోసేసింది.

"అయ్యో అపా! అది నీకు చూపిద్దామని తెచ్చాను!"

"చూశాగా. మంచి గుండె. ఉప్పు సరిపోయిందేమో చూడు."

"తినడానికి కాదు, వాల్వు గురించి చెబుదామని!"

పొయ్యి పక్కన కూర్చున్న ఆవిడ భర్త సాదిర్‌బెక్ ముక్క నములుతూ, "వాల్వు కూడా బాగానే వేగింది" అన్నాడు.

నర్సు మొహం చూసి ఆయనకే జాలేసింది. "ఎటూ నీకోసం గొర్రెను కోయాల్సిందేగా. ఇంకో గుండె వస్తుందిలే" అని కత్తి తీసుకుని, దేవుడి పేరు తలుచుకుంటూ బయటికి నడిచాడు.

ఈసారి గుండెను నర్సు ఎవరి చేతికీ ఇవ్వలేదు. పైనున్న పెద్ద గొట్టంలో నీళ్ళు పోసింది. లోపల మూడు పల్చటి రేకులు దగ్గరికొచ్చి మూసుకున్నాయి. నీళ్ళు నిలిచిపోయాయి.

ఊల్కాన్ వంగి చాలాసేపు చూసింది. "ఎన్ని వందల గుండెలు కోసుంటాను! దేవుడు ఇందులో ఇంత పనితనం పెట్టాడని ఒక్కనాడూ చూడలేదు."

"నీ రేకులు ఎండిన జీను పట్టీలా బిగుసుకుపోయాయపా. తలుపు ఓరగానే తెరుచుకుంటోంది. ఆ సందులోంచి ఒళ్ళంతటికీ రక్తం పంపలేక గుండె అలిసిపోతోంది. మందులతో మెత్తబడేది కాదు, మార్చాల్సిందే."

"గొర్రెది పెడతారా? మన మందలోదైతే నేనే ఎంచి ఇస్తాను."

"లోహంది పెడతారట. టిక్కు టిక్కుమంటుంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, బతికున్నన్నాళ్ళూ."

"పక్కన టిక్కు టిక్కుమంటుంటే నాకు నిద్రెలా పడుతుంది?" అన్నాడు సాదిర్‌బెక్.

"నలభై ఏళ్ళు నీ గురకలో నేను పడుకోలేదూ?"

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం గొంతు తగ్గించింది. "గుండె ఆపి కోస్తారటగా. అంతసేపూ నా ప్రాణం ఎక్కడుంటుందమ్మాయ్?"

"రక్తాన్ని యంత్రం తిప్పుతుంది. ప్రాణం సంగతి నాకు తెలీదపా."

"తెలీదన్నావు, నయం. అన్నీ తెలుసనేవాళ్ళంటేనే నాకు భయం" అందే గానీ, వస్తానని మాత్రం అనలేదు.

మాంసం ఉడికింది. ఎముకలు పంచేది ఎప్పుడూ ఊల్కానే. వయసును బట్టి, మర్యాదను బట్టి ఎవరి ముక్క వాళ్ళకి ఇస్తూ పెద్దవాళ్ళకిచ్చే తుంటి ఎముక దగ్గర ఆగింది. "ఆ సర్జన్‌కి వయసెంత?"

"అరవై దాటాయి."

"నా గుండె మీద చెయ్యి వేస్తానన్నవాడు. భోజనం పరిచిన ఈ సోఫ్రా ముందు కూర్చోకపోయినా వాటా తియ్యాల్సిందే." తుంటి ఎముకను శుభ్రమైన గుడ్డలో కట్టి నర్సు ముందు పెట్టింది. "ఇచ్చెయ్."

బురుల్కాన్ మూటను వెనక్కి జరిపింది. "నేను పట్టుకెళ్ళను. దారి పొడుగునా నాకు ఆకలేస్తుంది."

ఊల్కాన్ మొగుడి వైపు చూసింది. ఆయన మూతి తుడుచుకుంటూ, "నన్నసలు నమ్మకు" అన్నాడు.

తీసిన వాటా చేరకపోతే పాపం. ఆవిడ మూటను చూసింది, గుడారం గుమ్మాన్ని చూసింది, పెట్టె తెరిచి పెళ్ళిళ్ళకి కట్టుకునే తలగుడ్డ బయటికి తీసింది.

"బుధవారం దాకా చెడిపోదుగా?"

"ఈ చలికి చెడదు అపా."

"సరే. మాంసం ఇచ్చేసి, ఎలాగూ అంతదూరం వెళ్తున్నాను గనక, ఆ వాల్వు సంగతి కూడా చూసుకొస్తాను."