జయమణి కంచం

కంచం పోయింది ఏప్రిల్ పద్దెనిమిదిన, పి.యు.సి. పరీక్షలు అయిపోయిన రోజున. అప్పటికి మా ఆవిడ జయమణి పోయి తొమ్మిది వారాలు.

ఆ రోజు నందిగామ బస్టాండులో ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు తప్ప మరేమీ కనిపించలేదు. కాలేజీ వచ్చిన దగ్గర్నుంచి మా ఊరికి ఏడాది జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో అయిపోతోంది. జూన్‌లో ఏ అరుగు మీద చూసినా గది ఖాళీ ఉందా అని అడిగేవాళ్ళే. ఏప్రిల్ చివరికి హోటలు పొయ్యి కూడా ఒకపూటే వెలుగుతుంది. మొదటిసారి పిల్లలు వెళ్ళిపోతే మా ఇద్దరికీ దిగులేసింది. తర్వాత అలవాటైంది. ఈసారి మాత్రం తొందరగా వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

మా ముందు గదిలో ముగ్గురు ఉండేవారు. కంచికచర్ల కుర్రవాడు తాళం చేతికిచ్చాడు.

"మేష్టారూ, గోడకి మేకులు మూడే కొట్టామండి."

"నాలుగు," అన్నాను.

"నాలుగోది బుల్లిబాబుదండి. లెక్కల పుస్తకాన్ని ఉరి తీద్దామని కొట్టాడు."

"నవ్వండ్రా," అన్నాడు బుల్లిబాబు, పరుపు మీద మోకాలు పెట్టి తాడు బిగిస్తూ. "జూన్‌లో మీరు బెజవాడ. నేను మళ్ళీ ఈ గదికే."

"రెండేళ్ళయింది గదా, గోడలకి కూడా ఆల్జీబ్రా వచ్చేసిందిరా. నీకే రాలేదు."

నాలుగింటి బస్సు అందుకోవాలని వంటింట్లో బోర్లించిన గిన్నెలు, గ్లాసులు హడావిడిగా గోనెసంచిలో వేసుకున్నారు. జయమణి ఉన్నన్నాళ్ళూ వాళ్ళకి ఆమే వండిపెట్టేది. ఆమె పోయాక మెస్సుకి వెళ్ళినా, కంచాలు మా నూతి దగ్గర కడిగి మా వంటింట్లోనే బోర్లించేవారు. నేను వరండాలో కూర్చుని ఏడో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నాను. లేచి చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం పెట్టుకుందామని కంచం తీశాను. అంచు కింద వేలికి తగలవలసిన గీత తగల్లేదు. తిప్పి చూశాను. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: సీతారావమ్మ.

జయమణి కంచం పెళ్ళికి వాళ్ళ నాన్న ఇచ్చినది. జగ్గయ్యపేటలో కొని, అక్కడే పేరు కొట్టించాడు. పేరుకి ముందు చిన్న సిలువ ఉంటుంది; వేలికి తగిలే గీత అదే. ఆమె పోయినప్పటి నుంచి నేను అందులోనే తింటున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయం కూడా కాదు.

సీతారావమ్మ అంటే బుల్లిబాబు తల్లి. వాళ్ళది పెనుగంచిప్రోలు. మిరపతోటలూ పాడీ ఉన్న ఇల్లు. మొదటి ఏడాది అతను కంచం పట్టుకుని మెస్సుకే వెళ్ళేవాడు. దసరాల ముందు విరేచనాలు పట్టుకున్నాయి. జయమణి వారం రోజులు జావ కాచి ఇచ్చింది. ఎనిమిదో రోజున అతనే వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"అమ్మగారూ, నేనూ ఇక్కడే తింటానండి. మా ఇంట్లో తెలియకూడదు మరి."

"నేనెవరికి చెప్తాను నాయనా, కూర్చో," అంది. తర్వాత నాతో, "మీరూ చెప్పకండి. మాటిచ్చాను," అంది.

సిలువ ఉన్న కంచం అతని సంచిలో వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఎవరైనా తిప్పి చూస్తే రెండేళ్ళ సంగతీ బయటపడుతుంది. అతనే తెచ్చిస్తాడని మూడు వారాలు చూశాను. రాలేదు. మే నెలలో ఒక శనివారం సీతారావమ్మగారి కంచం గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను.

ఆవిడ అరుగు మీద మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"నందిగామ మేష్టర్నండి. మీ అబ్బాయి మా ముందు గదిలో ఉండేవాడు. ఇది మరిచిపోయాడు."

ఆవిడ కంచం తిప్పి పేరు చూసుకుంది. ముఖం విప్పారింది. "మా అమ్మ ఇచ్చిందండి ఇది. మెస్సులో పోయిందన్నాడు వెధవ. కూర్చోండి బాబూ, మజ్జిగ తాగుదురుగాని. తమరి పేరేంటండి?"

"ఏలీయా అండి."

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళింది. మజ్జిగ వచ్చింది. వరండా గూట్లో విడిగా పెట్టిన గ్లాసు దింపి, దూరం నుంచి వంచి పోసింది. తాగాను. ఎండన పడి వచ్చాను.

"ఆ ఊళ్ళో కాలేజీ పిల్లలు ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో తింటారంటగా? మావాడి చేత నేను ఒట్టేయించుకునే పంపానండి, మెస్సు దాటి పోనని. అయినా చెప్పుకోవాలి, మెస్సు కూడు తిని కూడా ఒళ్ళు చేసొచ్చాడు. ఆ వండే మనిషి చెయ్యి మంచిది."

బుల్లిబాబు తలుపు వెనక నిలబడి ఉన్నాడు. నా వైపు చూసి తల దించుకున్నాడు.

"అవునండి," అన్నాను. "చెయ్యి మంచిదే."

నా కంచం అడగాలంటే ఆ రెండు కంచాలూ ఒకేచోట ఎందుకున్నాయో చెప్పాలి. అడగలేదు. గ్లాసు కడిగి అరుగు చివర బోర్లించి లేచాను.

బుల్లిబాబు మునేటి ఒడ్డు దారిన వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"మేష్టారూ, గడ్డివాములో దాచానండి. పగలు తీస్తే పాలేళ్ళు చూస్తారు. జూన్‌లో నేనే పట్టుకొస్తాను. అమ్మగారి మీద ఒట్టు."

"ఆమె మీద ఒట్లేమీ వద్దు. వానలు పడకముందు తియ్యి," అన్నాను.

"ఇంట్లో చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నానండి."

"బస్సొస్తోంది," అన్నాను.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఎవరూ అనుకోలేదు గాని బుల్లిబాబు పాసయ్యాడు. గుంటూరులో బి.ఏ.లో చేరాడని కంచికచర్ల కుర్రవాడు బస్టాండులో కనిపించి చెప్పాడు. అక్కడ ఎక్కడ ఉంటున్నాడో అతనికీ తెలియదు. మా ముందు గదిలోకి కొత్తవాళ్ళు దిగారు. వంట ఎవరు చేస్తారని అడిగారు. ఎవరూ లేరని చెప్పి మెస్సుకి దారి చూపించాను. గోడకి అయిదో మేకు కొట్టారు.

వానలు పడ్డాయి. ఇంట్లో ఒక స్టీలు పళ్ళెం ఉంది, అందులో తింటున్నాను. పెనుగంచిప్రోలుకి ఉత్తరం రాస్తే, బుల్లిబాబుకి పంపేముందు అతని చెల్లెలు అరుగు మీద కూర్చుని తల్లికి చదివి వినిపిస్తుంది. రాయకపోతే ఈ ఏడు వాము అయిపోయేసరికి కంచం ఎవరో ఒకరి చేతికి దొరుకుతుంది. ఎలా రాస్తే అతనికొక్కడికే అర్థమవుతుందో ఆలోచిస్తున్నాను. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి ఉత్తరాలు రాయడం నేర్పుతున్నాను, ఇది కుదరడం లేదు.

కార్డు కొని బల్ల సొరుగులో పెట్టాను. ఇంకా రాయలేదు.