ఇస్తారి పేరున్న ఫైలు

శామీర్‌పేట బస్టాండు ఎదురుంగ జోగారావు సారు డీటీపీ సెంటర్ల నేను నాలుగేండ్ల సంది పనిచేస్తున్న. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, అర్జీలు అన్నీ ఒక్క కంప్యూటర్ మీదనే టైపు చేసేది. 2003ల సారు కొత్తది తెస్తున్నమని పాతదాన్ని అమ్మకానికి పెట్టిండ్రు.

"జనార్ధన్, శుభ్రంగా తుడిచి పెట్టవయ్యా. మధ్యాహ్నం మహేష్ గారొచ్చి పట్టుకెళ్తారు," అన్నరు.

దసరా దసరాకు ఆయుధపూజల పెట్టిన పసుపు కుంకుమ మానిటర్, సీపీయూ డబ్బా సందులల్ల గట్టిపడ్డది. అగ్గిపుల్లకు దూది చుట్టి తీసిన. డబ్బా మూత విప్పి దుమ్ము ఊదిన. కీబోర్డు బోర్లిచ్చి తట్టితే పల్లీల పొట్టు రాలింది.

"ఇగ లోపలిది ఫార్మాట్ కొడుత సార్. అంతా పోతది, మళ్ల విండోస్ ఎక్కిస్త."

"వద్దొద్దు! ఏదీ చెరపొద్దన్నారాయన. లోపలున్నవన్నీ ఉన్నట్టే ఇమ్మన్నారు. బేరం కూడా ఆడలేదు."

"మన పెండ్లి పత్రికలు ఆయనకెందుకు సార్?"

"ఏమోనయ్యా. వాళ్ల అమ్మాయి అశ్రిత నేర్చుకోడానికట."

ఊరోళ్ల అర్జీలు చదువుకుంట నేర్చుకుంటదా ఆ పిల్ల? నా ఒళ్లు మండింది. మహేష్ ఎవరో నాకు తెల్వదా? మా ఊరి చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిల లారీలతోని మట్టి పోపిచ్చి ప్లాట్లు గీస్తున్నోడు. దాని మీద ఎండకాలంల మండలాఫీసుకు ఒక అర్జీ పోయింది. చెప్పి రాపిచ్చినోడు ఇస్తారి. చెరువుల చేపలు పట్టి బతుకుతడు. ఆయన గుడిసె ఉన్న జాగ మహేష్ వాళ్లదే.

ఆ రోజు ఇస్తారి స్టూలు మీద సగమే కూసున్నడు. "కింద నా పేరు పడదు గద, బిడ్డా?" అని మూడుసార్లు అడిగిండు.

"పడదు మామా. గ్రామ ప్రజలు అని పెడుత," అన్న.

అట్లనే పెట్టిన. కాని ఫైలు దాచేటప్పుడు నేనేం జేసిన? ఇస్తారి, ఊరు, తారీఖు. ఎవరొచ్చినా అట్లనే పెడుత, మళ్లొస్తే జల్దీ దొరకాలని. పిలగాడు మస్తు పద్ధతిగుంటడని నలుగురు మెచ్చుకున్నరు కూడా. నిప్పు వెయ్య నా పద్ధతికి! కాగితం మీద పడని పేరు కంప్యూటర్ల భద్రంగ కూసున్నది.

పోయిన నెల మహేష్ షాపుకొచ్చి, మా కాడనే కొట్టిచ్చిన తన ప్లాట్ల కరపత్రం, ఇంకేదో కాగితం పక్కపక్కన పెట్టి చూసుకొని పోయిండు. మా ప్రింటరు ప్రతి కాగితం ఎడమదిక్కు సన్నటి నల్లగీత గీస్తది. ఆ ఇంకో కాగితం చెరువు అర్జీ నకలేనని, గీత కలిపి చూసి అది మా షాపులనే టైపయిందని పట్టిండని ఇప్పుడు తెల్సింది.

సారుకు దాపరికం లేకుంట అంతా చెప్పిన. "ఇస్తారి గుడిసె పీకేస్తరు సార్."

"ఊళ్లో గొడవలు మనకెందుకయ్యా? అమ్మేశాక అది మనది కాదు."

"అమ్మేదాంక మనదే గద సార్!"

నాలుగేండ్లల సారు ముంగట గొంతు లేపుడు అదే మొదలు. ఫ్లాపీ పెట్టి ఫార్మాట్ కొట్టిన. నల్ల తెర మీద అంకెలు కదలబట్టినయి. సారు స్విచ్చి దిక్కు చెయ్యి జాపిండ్రు. నేను అడ్డం నిలబడ్డ. ఏమనుకున్నరో, చెయ్యి వెనుకకు తీసుకున్నరు.

అరవై శాతం కాడ మహేష్ జీపు ఆగింది.

"ఏందిది, తెర నల్లగున్నది?"

"ఫార్మాట్ అయితాంది అన్నా. పాప కోసమట గద, పాత చెత్తంతా తీస్తున్న."

"ఎవడు దియ్యమన్నడు? రావుగారూ, అన్నీ ఉంచుమన్న గద! నాకు గా పాతయే గావాలె."

"ఏ కాగితం కావాలండీ?" అన్నరు సారు.

జిరాక్సు కోసం నిలబడ్డ ముగ్గురు ఇటు తిరిగిండ్రు. మహేష్ వాళ్ల దిక్కు చూసిండు. ఏ కాగితమో చెప్తే ఎందుకో చెప్పాలె. ఆ కోపం నా దిక్కు మళ్లింది.

"మీ నాయిన మా బాయికాడ నీళ్లు గట్టెటోడు. నువ్వు నాలుగక్షరాలు నేర్చి మాకే అక్కల్ చెప్పబట్టినవ్?"

"అవునన్నా, కట్టిండు. ఒకరి మడి నీళ్లు ఇంకొకరి మడికి ఎన్నడు మళ్లియ్యలే."

వెనుక ఎవరో కిసుక్కుమన్నరు. తెర మీద నూరు శాతం పడ్డది.

"విండోస్ ఎక్కిచ్చి ఇస్త, గంటసేపు కూసో అన్నా."

"ఏం అవసరం లేదు. ఎత్తు బండిల!" అని డ్రైవరు మీద అరిచిండు. అందరి ముంగట పాప కోసమన్నంక, వద్దని ఎట్లంటడు? పసుపు పోయి తళతళలాడుతున్న ఖాళీ డబ్బాను నేనే మోసి జీపుల పెట్టిన.

సారు రెండు దినాలు పని కాగితాలు నా బల్ల మీద పడేసి పోయిండ్రు. మూడోనాడు కొత్త కంప్యూటర్ వచ్చింది. మొదటి అర్జీ టైపు చేసి ఫైలుకు ఉత్త నంబరేసిన.

"ఇలాగైతే రేపు వెతకడం కష్టమయ్యా," అన్నరు సారు.

"కానియ్యుండ్రి సార్. నేనే వెతుకుత," అన్న.