తప్పుల్లేని వార్త

పెంచలప్రసాద్ ఉదయగిరిలో ఒక ఇంగ్లీషు పేపరుకు విలేకరి. పేపరు ఇంగ్లీషుదే గానీ ఆయన చదువంతా తెలుగు మీడియం. ఆయన వార్తల్లో 'రివర్ట్ బ్యాక్'లు, 'డిస్కస్ అబౌట్'లు లాంటి తప్పులు కుప్పలుతెప్పలు. నెల్లూరు డెస్కులో పనిచేసే శ్రీవిద్య వాటిని ఏరి, ఎర్రగీత కొట్టి, విలేకరులందరి వాట్సాప్ గ్రూపులో పెట్టేది. కింద నవ్వు బొమ్మలు వరసగా పడేవి. పెళ్లీడు కూతురున్న మనిషికి అంతకంటే తలవంపులు ఇంకేం కావాలి? ఒకసారి ఫోన్‌లో అనువాదం చేయించి పంపితే అది ఇంకా పెద్ద నవ్వులాట అయింది.

చివరికి ఆయనొక ఉపాయం పట్టాడు. పాత పేపర్లలో అచ్చయిన వాక్యాలను కంఠతా పట్టడం, పేర్లు మార్చి పంపడం. కూలి మనిషి ఎవరైనా పైనుంచి పడి చనిపోతే వాక్యం సిద్ధంగా ఉంటుంది: తాగిన మత్తులో కాలు జారి పడ్డాడు. తాగిన మత్తుకు ఇంగ్లీషులో వాడే 'ఇనీబ్రియేటెడ్ కండిషన్' అన్న మాట నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఈ పని ఆయనొక్కడిదే అనుకోకండి, చుట్టుపక్కల మండలాల విలేకరులంతా అలాగే నెట్టుకొస్తున్నారు.

మల్లికార్జునం అనే ఓనరు కంకర క్రషర్‌లో పనిచేసే జబీవుల్లా పైనుంచి పడి చనిపోయిన రోజు మాత్రం ప్రసాద్ వాళ్లింటికి వెళ్లాడు. అంతవరకు మెచ్చుకోవలసిందే. జబీవుల్లా తల్లి మస్తాన్‌బీ గడప దగ్గర కూర్చుని ఉంది.

"మావోడు మందు వాసన కూడా ఎరగడు నాయనా, నమాజు తప్పనోడు" అంది. "నిలబడే చెక్క పుచ్చిపోయి ఉండాదని ఓనరుకు చెప్పినాడు. చెప్పినా మార్చలేదు. ఇప్పుడేమో తాగి పడినాడని ఊరంతా చెప్తా ఉండారు. నువ్వు నా మాట రాయి. ఇంగ్లీషు పేపర్లో పడితే ఆఫీసర్లు నమ్ముతారు."

"రాస్తానమ్మా" అన్నాడు ప్రసాద్. ఆ క్షణాన నిజంగానే రాయాలనుకున్నాడు.

ఇంటికొచ్చి 'మదర్ ఈజ్ టెల్లింగ్ దట్' అని మొదలుపెట్టాడు. గ్రూపులో పడే నవ్వు బొమ్మలు కళ్ల ముందు కదిలాయి. చెరిపాడు. మళ్లీ రాశాడు. పుచ్చిన చెక్కకు ఇంగ్లీషు మాట దొరికింది గానీ, చెప్పినా మార్చలేదన్నది ఎటు తిప్పినా వాక్యంలో కూర్చోలేదు. ఇంతలో శ్రీవిద్య ఫోన్.

"ప్రసాద్ గారూ, పేజీ క్లోజ్ చేయాలి. చిన్న ఐటమే కదా, మూడు లైన్లు చాలు. ఈసారన్నా క్లీన్‌గా పంపండి."

ప్రసాద్ తల్లి మాట మొత్తం తీసేశాడు. కంఠతా వచ్చిన వాక్యం పెట్టి పంపాడు. క్రషర్ మేనేజరు కోటేశ్వర్ చెప్పిందీ అదే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కాసేపటికి గ్రూపులో శ్రీవిద్య రాసింది: ప్రసాద్ గారు పంపిన కాపీలో ఇవాళ ఒక్క తప్పూ లేదు. చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఆయన దాన్ని భార్య జయశ్రీకి చూపించి మురిసిపోయాడు. సిగ్గులేని మురిపెం అది.

తర్వాత జబీవుల్లా చావుకు నష్టపరిహారం విషయమై ఆత్మకూరులో లేబర్ ఆఫీసరు ముందు విచారణ పెట్టారు. మస్తాన్‌బీ ప్రసాద్‌ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ప్రసాద్ వార్త పడిన పేపరు, మడతపెట్టి. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాడు జబీవుల్లా ఒక్కడే.

"నమాజు చేసినాక దువాలో నీ పేరు కూడా తలుచుకుంటా ఉండా నాయనా" అంది బస్సులో.

చెప్పేద్దామని ప్రసాద్ నోరు తెరిచాడు. కండక్టరు వచ్చాడు. టికెట్లు తీసుకున్నాక ఇక ధైర్యం చాల్లేదు.

ఆఫీసులో కోటేశ్వర్ పాత పాటే పాడాడు. "తాగి ఉన్నాడు సార్."

"నువ్వు చూశావా?" అన్నాడు ఆఫీసరు.

"లేదు సార్, అందరూ అనుకుంటున్నారు."

"అనుకుంటే సరిపోదు. రుజువేది?"

విచారణ ఆమె వైపే మొగ్గుతున్నట్టుంది. అప్పుడు మస్తాన్‌బీ లేచింది. కవర్లోంచి పేపరు తీసి, మడతలు సాపు చేసి బల్లమీద పెట్టింది.

"రుజువు నా కాడ ఉండాది సార్. నా మాట పేపర్లో రాసినారు. అందరికీ వినపడేటట్టు తెలుగులో చదవండి."

ఆఫీసరు చూపు పేపరు మీద ఆగింది. ఆమె వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా చదివాడు. "జబీవుల్లా తాగిన మత్తులో కాలు జారి పడి మరణించాడు."

కోటేశ్వర్ కుర్చీలో వెనక్కి వాలాడు. మస్తాన్‌బీ మాత్రం కదల్లేదు. పేపరు తీసుకుని ప్రసాద్ చేతిలో పెట్టింది.

"సారు తప్పు చదివినారు నాయనా. నువ్వు చదువు."

ప్రసాద్ పేపరు అందుకున్నాడు. కంఠతా వచ్చిన వాక్యమే, అయినా నోరు పెగల్లేదు.