అండాలు కట్టిన వాసెన

నేను ఒక పచ్చడి జాడీని. పైన బెల్లప్పాకం రంగు, కింద మీగడ రంగు, నిండుగా ఉంటే చంటిపిల్లంత బరువు. మందు దుకాణంలో పచ్చడి జాడీకేం పనని మీరు అడగొచ్చు. మూడేళ్ళు అక్కడే ఉన్నాను, వచ్చినవాళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అందుకే నాకు నేనై చెప్పుకుంటున్నాను.

ఏదో బట్టీలో, ఉప్పుకీ నూనెకీ లొంగకూడదని నన్ను నిప్పుల్లో కాల్చి తీశారు. నాతోపాటు కాలిన నాలుగు జాడీలు పగిలాయి, నేను పగల్లేదు. ఆ గర్వం నాకింకా పోలేదు. భువనగిరి అంగట్లో గడ్డి పరిచి అమ్మకానికి పెడితే అండాలు అనే పిల్ల వచ్చింది. పెళ్ళయి ఆర్నెల్లు. వేలి కణుపుతో నా కడుపు మీద కొట్టి, చెవి ఆనించి విన్నది. "పలుకు మంచిగుంది" అన్నది. తర్వాత బేరం కుదరక అలిగి వెళ్ళిపోయింది. అమ్మేవాడు మూడుసార్లు పిలిచేదాకా వెనక్కి తిరగలేదు. అబ్బో, ఏం మనిషి!

ఆనాటి నుంచి ప్రతి ఎండాకాలం నా కడుపు నిండా మామిడికాయ తొక్కు. ముక్కలకు కారం, దంచిన దొడ్డుప్పు, ఆవపొడి పట్టించి, అల్లమెల్లిగడ్డ కలిపి, నూనె పోసి, మోచేతి దాకా చెయ్యి దించి అడుగు నుంచి కలిపేది. గాజులు నా గోడలకు తగిలేవి. తర్వాత మూత పెట్టి, నా మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టేది. మూడో రోజుకు ఊట వస్తుంది. అప్పుడు విప్పి, మళ్ళీ కలిపి, ఉప్పు చూసి, తక్కువైతే వేసేది. పద్ధతి అది. ఆ మూడు రోజులూ నా జోలికి ఎవరూ రాకూడదు.

పరశురాములు ఆమె భర్త. తాతతండ్రులు తాళ్ళెక్కి కల్లు గీసినవాళ్ళు. ఇతను చెట్టెక్కే మోకు వదిలేసి పట్నమొచ్చి యాప్రాల్‌లో 'కాటమయ్య వైన్స్' పెట్టాడు. బోర్డు మీద వైన్స్ అని రాసి, లోపల వైను తప్ప అన్నీ అమ్మేవాడు. మనుషుల తీరే అంత. కానీ ఆ నాలుకను మాత్రం మెచ్చుకోవాల్సిందే. చుక్క పడితే చాలు, పోతుతాటి కల్లో పండుతాటి కల్లో, పొద్దున దించిందో మాపున దించిందో చెప్పేసేవాడు. దాని మీద అతనికి మహా పొగరు.

ఆ పొగరే కొంప ముంచింది. మూడేళ్ళ కిందట అండాలు తొక్కు కలుపుతుంటే, దుకాణానికి పోతూ పోతూ వేలితో కాస్త తీసి నాక్కున్నాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"మూడొద్దులాగు. ఊటొచ్చినంక జూద్దాం."

"అప్పటిదాంక ఎందుకు? బూజు పడుతది, జూస్కో."

"నీ నాలుక నీ దుకాణంల ఆడించుకో. నా కాడ గాదు."

అక్కడితో ఊరుకోవచ్చు కదా! పక్కింటి ఆడవాళ్ళు కారం పట్టించడానికి వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే అనేశాడు: "నీ నాలుక సచ్చిందే అండాలూ. ఇన్నేండ్ల సంది పెడుతున్నవు, ఉప్పు జాడ గూడ తెల్వకపాయె."

ఆమె ముఖం చిన్నబోయింది. నేను చూశాను. ఆ రాత్రి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. మరునాడు మధ్యాహ్నం మంచినీళ్ళు ముంచుకుందామని లేచి, గడప దగ్గర కూలిపోయింది. గుండె అన్నారు. ఉప్పు చూడాల్సిన మూడో రోజున ఇంటి నిండా జనం, ఏడుపులు. నన్నెవరూ విప్పలేదు.

దినాలయ్యాక ఎవరో చుట్టాలావిడ నా వాసెన మీద చెయ్యి వేస్తే పరశురాములు గావుకేక పెట్టాడు. నన్ను చంకనెత్తుకుని దుకాణానికి తెచ్చి, వెనక చల్లగదిలో అరమీద పెట్టుకున్నాడు. ప్రేమ అనుకున్నారు అందరూ. ప్రేమ కూడా ఉంది. కానీ అంతకంటే భయం ఎక్కువ. నోటిమాట తగులుతుందని అతని నమ్మకం. చచ్చిందన్నాడు, చచ్చింది. ఇప్పుడు విప్పితే లోపల బూజు కనిపిస్తే? తన మాటే నిజమని తేలుతుంది, భార్యను నిజంతో కొట్టి పంపినవాడవుతాడు. అదేమో అతనికి తలుచుకుంటేనే చెమట్లు పట్టే సంగతి. రోజూ మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వచ్చి నా కడుపుకు చెవి ఆనించేవాడు.

"గాజుల సప్పుడైతుంది" అనేవాడు కూతురితో.

"సీసాల సప్పుడు నాయినా" అనేది స్రవంతి.

సీసాలు కావు. నేను అబద్ధమాడను. ఆమె చెయ్యి నాలోంచి పోలేదు. ఎండలు ముదిరే రోజుల్లో, ఉప్పు చూసే మూడో రోజు వచ్చిందని నాకనిపించినప్పుడల్లా, అడుగు నుంచి ఎవరో కలుపుతున్నట్టు నూనె కదిలేది. గాజులు నా గోడకు ఆనేవి. భయమేసేది నాకు. జాడీకి భయమేమిటని నవ్వకండి. సగంలో ఆగిన పని కడుపులో పెట్టుకుని కూర్చోండి, మీకే తెలుస్తుంది.

స్రవంతి హోటల్ చదువు చదివిన పిల్ల. దుకాణంలోకి నిజంగానే వైను తెచ్చింది, చిన్న బట్టీల్లో కాచిన క్రాఫ్ట్ బీర్లు తెచ్చింది. శనివారం మధ్యాహ్నాలు రుచి చూసే కార్యక్రమం పెట్టింది. పేరు కనబడకుండా సీసాలకు గుడ్డలు చుట్టి, మెడలో నంబర్లు వేలాడదీసేది. వచ్చినవాళ్ళు గుక్కెడు పోసుకుని, గ్లాసు తిప్పి, వాసన చూసి, పుక్కిలించి, డబ్బాలో ఉమ్మేవాళ్ళు. తాగడానికొచ్చి ఉమ్మేవాళ్ళను చూసి మొదటి వారం పరశురాములు నోరెళ్ళబెట్టాడు. రెండో వారానికి తనూ కూర్చుని, ఏది చెక్కపీపాలో ఊరిందో, ఏది ఎండకు చెడిందో చెప్పడం మొదలుపెట్టాడు. జనం వహ్వా అన్నారు. అతను మాత్రం నవ్వేవాడు కాదు. ఆ నాలుకను ఎవరైనా పొగిడితే అతని చూపు నా అర వైపు పోయేది.

ఆ శనివారం చల్లగది నిండా బీరు పెట్టెలు దిగాయి. ఎవరి కాలో తగిలి నేను పడతానని పరశురాములు నన్ను తనే ఎత్తుకొచ్చి, బల్ల చివర తన కళ్ళెదుట పెట్టుకున్నాడు. ఆరు సీసాలు ఎర్రగుడ్డలు చుట్టుకుని వరసగా నిలబడ్డాయి. వాటి పక్కన తెల్లగుడ్డ కట్టుకుని నేను. ఇంతలో ముందు కౌంటర్లో ఎవరో పిలిస్తే అతను లేచి వెళ్ళాడు.

వచ్చినవాళ్ళలో ఉపేందర్ అని గడ్డం కుర్రాడు ఒకడు. ఇంట్లో తనే బీరు కాచుకుంటాడు, అందువల్ల ప్రపంచంలో పులిసేదంతా తనకు తెలుసని అనుకుంటాడు. ఆరు గ్లాసులూ అయ్యాక నన్ను చూశాడు.

"ఓహో, ఏడోది కూడా దాచారా!" అంటూ వాసెన ముడి లాగాడు.

అండాలు వేసిన ముడి. మూడేళ్ళు ఎవరూ ముట్టనిది. ఒక్క లాగుకు విడిపోయింది.

మూత తీశాడు. వాసన దుకాణమంతా కమ్మేసింది. గ్లాసులు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముందు కౌంటర్లో పరశురాములు చేతిలోని సీసా బల్ల మీద పెట్టి, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అయ్యో ఉపేందర్‌గారూ, ఎంత పని చేశారు! అది మా అమ్మది" అంది స్రవంతి.

ఆ కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొడతాడనే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. పరశురాములు దగ్గరికొచ్చి అతని చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"తడి చెయ్యితోని ముట్టలేదు గద?"

"లేదంకుల్. సారీ అంకుల్, నేను…"

"నాయినా, మూసేద్దాం" అంది స్రవంతి. "ఎవరం చూడలే. కట్టేద్దాం."

"ఇప్పినంక కడితే ఇప్పనట్టయితదా బిడ్డా?"

పొడి చెంచా తెమ్మన్నాడు. చెంచా నా మూతికి టకటకా కొట్టుకుంది. లోపలికి చూడ్డానికి ధైర్యం చాలక కళ్ళు మూసుకుని దించాడు. ముక్క తీశాడు. నల్లబడింది, మెత్తబడింది, కానీ బూజు లేదు. నోట్లో పెట్టుకున్నాడు. అందరూ ఉమ్మే ఆ బల్ల దగ్గర నిలబడి, చాలాసేపు నమిలి, మింగాడు.

"సరిపోయింది" అన్నాడు. "ఉప్పు సరిపోయింది."

మళ్ళీ ఒక ముక్క తీసి కూతురి నోట్లో పెట్టాడు. "సూడు బిడ్డా! అమ్మ లెక్క తప్పలే. నాదే తప్పు. సచ్చింది నా నాలుక!" అంటూ కుర్చీలో కూలబడి, ఆ పరాయి జనం ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. "మూడేండ్లు భయపడ్డ, నేనే గెలిసిన్నేమోనని. ఓడిపోయిన. మంచిగైంది తల్లీ, మంచిగైంది."

ఆ సాయంత్రం అందరికీ తలా కొంచెం పెట్టాడు. బీరు పక్కన అండాలు తొక్కు నంజుకుని, ఎవరూ ఉమ్మలేదు. మిగిలింది ఇంటికి తీసుకెళ్ళి నెలరోజులు తిన్నాడు. ఇప్పుడు నేను ఖాళీ. కడిగి, ఎండబెట్టి మళ్ళీ అరమీద బోర్లించారు. అతను నాకు చెవి ఆనించడం లేదు, రాత్రిళ్ళు నిద్ర పడుతోందట.

కానీ ఒక సంగతి నాలో ఉండిపోయింది, అది కడిగితే పోదు. అండాలు నాలుక చచ్చిందన్న ఆ రోజు, అతను దుకాణానికి వెళ్ళాడు, పక్కింటివాళ్ళూ లేచి వెళ్ళారు. ఇల్లు సద్దుమణిగాక అండాలు ఒక్కతే వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. వాసెన విప్పింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఆలోచించింది. లేచి వెళ్ళి గుప్పెడు దొడ్డుప్పు తెచ్చి దంచి వేసి, గాజులు గలగలమంటుంటే అడుగు నుంచి కలిపింది. మళ్ళీ ముడి వేస్తూ తనలో తనే నవ్వుకుంది.

"దయ్యం నాలుక! నిజమే చెప్పిండు. ఇప్పుడే ఒప్పుకుంటే నెత్తికెక్కి కూసుంటడు. తిననియ్, తిన్నంక చెప్త."